రెండు మెట్లదారుల ఇల్లు

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో రాయల్ క్రెసెంట్ అనే వీధి ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ముందు పచ్చిక, దాని వెనక నెలవంకలా వంగిన తేనెరంగు రాతి భవనం, వరసగా 114 స్తంభాలు. ఒకే ఒక్క రాజభవనం అనిపిస్తుంది గానీ, అవి ఒకదానికొకటి ఆనుకుని ఉన్న 30 ఇళ్ళు. 1767లో మొదలై 1775 ప్రాంతానికి పూర్తయ్యాయి. కట్టించిన జాన్ వుడ్ (తండ్రి పేరూ అదే, ఆయనా ఆర్కిటెక్టే, ఇతను కొడుకు) అనుసరించిన పద్ధతి నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి చప్పున అర్థమవుతుంది. వుడ్ డిజైన్ చేసింది ముందుగోడ. కొనుక్కునేవాళ్ళు ఆ గోడలో ఇంత పొడవు అని కొనుక్కుని, దాని వెనక తమకు కావలసిన ఇల్లు తమ మనుషులతో కట్టించుకునేవారు. ఇంటర్‌ఫేస్ ఒకటి, ఇంప్లిమెంటేషన్లు ముప్పై. వెనకవైపు సందులోకి వెళ్ళి చూస్తే ఒక ఇల్లు లోపలికి, ఒక ఇల్లు బయటికి, కిటికీలు ఎక్కడ పడితే అక్కడ, కప్పులు ఎత్తుపల్లాలుగా. మనవాళ్ళు పైన పటారం లోన లొటారం అన్నది సరిగ్గా ఇలాంటివాటి గురించే. నాకైతే ఆ లొటారమే నచ్చింది, మనుషులు ఉన్నట్టు అనిపించేది అక్కడే కాబట్టి.

ఆ ముందుగోడ మీద ఆ ఊరికి ఎంత పట్టింపు అంటే, 1970లలో 22వ నంబరు ఇంటామె తన తలుపుకి పసుపు రంగు వేయించుకుంటే కౌన్సిల్ నోటీసిచ్చింది. తెల్లగా మార్చమంది. ఆమె మార్చలేదు. విచారణలు జరిగి చివరికి ఆమే గెలిచింది. తలుపు రంగుకే ఇంత గొడవ జరిగిన వీధిలో, తలుపు వెనక జరిగినదాని గురించి అంత గొడవ జరగలేదు. ఈ రోజు ఆ 30 ఇళ్ళలో సగానికి పైగా ఫ్లాట్లుగా విడిపోయి ఉన్నాయి. బాత్ ఒక్కటే కాదు, బ్రిస్టల్‌లో క్లిఫ్టన్, సముద్రం ఒడ్డున హోవ్, లండన్‌లో చాలా పేటలు, అన్నిచోట్లా ఇదే కథ. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో డబ్బున్నవాళ్ళ కోసం కట్టిన నాలుగైదు అంతస్తుల టౌన్ హౌస్, పనివాళ్ళు దొరకడం కష్టమయ్యాక, ఒక కుటుంబం మోయలేని బరువై, అంతస్తుకో ఫ్లాటుగా, కొన్నిచోట్ల గదికో ఫ్లాటుగా అయిపోయింది.

పాత ఇళ్ళ గురించి రాసేవాళ్ళు ఈ మాట చెప్పేటప్పుడు ఒక నిట్టూర్పు విడుస్తారు. 'పాపం, ఇల్లు ముక్కలైంది' అన్నట్టు. అక్కడి ప్లానింగ్ నియమాలు కూడా 'హాని' అనే మాటే వాడతాయి. చారిత్రక భవనానికి జరిగే హాని ఎంత, దానివల్ల జనానికి కలిగే మేలు ఎంత అని తూకం వేయమంటాయి. నాకు ఆ మాట దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఇంటికి హాని జరగడం అంటే ఏమిటి? రాయికి నొప్పి లేదు. కట్టించినవాడు పోయి రెండొందల ఏళ్ళయింది. మరి ఎవరికి జరిగినట్టు?

దీనికి జవాబు వెతకాలంటే ముందు ఆ ఇల్లు ఎలా పనిచేసేదో చూడాలి. టౌన్ హౌస్ అంటే నిలువుగా పేర్చిన సమాజం. వీధి మట్టానికి కింద బేస్‌మెంట్: వంటిల్లు, పాత్రలు తోమే గది. ఇంటికీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఇనుప కమ్మీల వెనక బావిలాంటి ఇరుకు జాగా, దాని పేరు 'ఏరియా'. ఫుట్‌పాత్ కిందనే బొగ్గు కొట్లు. వీధిలోంచే గుండ్రటి కన్నంలో బొగ్గు పోసేవారు, బొగ్గు బస్తా ముందు తలుపు దాటకుండా. వీధి మట్టంలో భోజనాల గది. దానిపైన మొదటి అంతస్తు, అదే ఇంటి గుండెకాయ. డ్రాయింగ్ రూమ్, అన్నిటికంటే ఎత్తైన కప్పు, అన్నిటికంటే పొడుగాటి కిటికీలు. ఆపైన పడకగదులు. అన్నిటికంటే పైన, కప్పు వాలు తలకి తగిలే అటక గదుల్లో పనివాళ్ళు. కిటికీలు పైకి పోయేకొద్దీ పొట్టివవుతాయి. వీధిలో నిలబడి కిటికీల ఎత్తు చూస్తే చాలు, ఏ అంతస్తులో ఎవరుండేవారో చెప్పేయొచ్చు. పనివాళ్ళకి అన్నిటికంటే కిందదీ, అన్నిటికంటే పైదీ. మధ్యలో ఉన్నదంతా వాళ్ళు మోసుకెళ్ళాల్సినదే: నీళ్ళు, బొగ్గు, భోజనం పైకి, బూడిద, మురికి కిందికి.

పెద్ద ఇళ్ళలో మెట్లదారులు రెండు. ఒకటి రాతి మెట్లు, వెడల్పుగా, పైనుంచి వెలుతురు పడేలా, అతిథులు నెమ్మదిగా ఎక్కడానికి. రెండోది గోడ వెనక, చెక్కతో, ఇరుకుగా, మలుపులు తిరుగుతూ. రెండో దాని అసలు ఉద్దేశం పని జరగాలి గానీ పనిచేసే మనిషి కనపడకూడదు అన్నది. తర్వాతి కాలంలో తీగలు లాగి గంటలు పెట్టారు. పై గదిలో తాడు లాగితే బేస్‌మెంట్‌లో ఆ గది తాలూకు గంట మోగుతుంది. వరసగా గంటలు, కింద గదుల పేర్లు.

కాబట్టి ఆ ఇల్లు ఎప్పుడు 'ఒకటి'గా ఉంది? ఒకే కప్పు కింద రెండు జనాభాలు, రెండు దారులు, రెండు వేళలు. కాకపోతే వాటి మధ్య గోడకి తాళం లేదు, మర్యాద ఉంది, అంతే. ఫ్లాట్లు చేసినవాళ్ళు ఉన్న విభజనకే తలుపులు బిగించారు అని నేననుకుంటాను. బేస్‌మెంట్‌లోని గంటల వరస పోయి, వీధి తలుపు పక్కన బజర్ల వరస వచ్చింది. అవి పైనుంచి కిందికి పిలిచేవి. ఇవి బయటివాళ్ళు లోపలివాళ్ళని అడిగి రావడానికి. బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళకీ ఒక బజరు, ఒక పేరు, ఒక తాళంచెవి. ఆ ఇంటి చరిత్రలో మొదటిసారిగా.

ఇంకో సంగతి కూడా ఉంది. బాత్ ఇళ్ళ విషయంలో 'ఒక ఇల్లు, ఒక కుటుంబం' అన్నది సగం కల్పన. ఆ ఊరు వేడినీటి బుగ్గల కోసం, సీజన్ కోసం వచ్చిపోయేవాళ్ళ ఊరు. మొదట్నుంచీ చాలా ఇళ్ళు అద్దెకివ్వడానికే కట్టారు, అంతస్తుల లెక్కన, గదుల లెక్కన. జేన్ ఆస్టిన్ కుటుంబం 1801 నుంచి కొన్నేళ్ళు అక్కడ అద్దె ఇళ్ళల్లోనే గడిపింది. ఆమె నవల 'నార్తాంగర్ ఆబీ'లో పెద్దమనుషులు సైతం అద్దెకే దిగుతారు. నేల కూడా సొంతం కాదు: వుడ్ తండ్రి క్వీన్ స్క్వేర్ కట్టింది రాబర్ట్ గే అనే ఆయన దగ్గర లీజుకి తీసుకున్న స్థలంలో. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఫ్లాట్లు ఎక్కువగా లీజువే అని, నేల అద్దె అన్యాయమని పెద్ద చర్చ నడిచి, కొత్త లీజుల్లో దాన్ని ఎత్తేస్తూ 2022లో చట్టం వచ్చింది గానీ, ఆ అద్దె ఈ వీధుల పునాదుల్లోనే ఉంది.

నేనూ ఒక ప్రాజెక్టు మీద వెళ్ళి, రాయల్ క్రెసెంట్‌కి పైన కొండ మీద అంత పేరులేని ఒక వరసలో, పదునాలుగు నెలలు బేస్‌మెంట్ ఫ్లాట్‌లో అద్దెకున్నాను. ఏజెంట్ దాన్ని 'గార్డెన్ ఫ్లాట్' అన్నాడు. వెనక నాలుగు గజాల పెరడు ఉంది కాబట్టి అది అబద్ధం కాదు. వీడియో కాల్‌లో కిటికీలోంచి నడిచిపోయే కాళ్ళు చూపిస్తే మా అమ్మ అంది: "ఒరేయ్, లండన్ దాకా వెళ్ళి సెల్లార్‌లో ఉంటున్నావేంట్రా, వాచ్‌మన్ వాళ్ళలాగా?" (అమ్మకి ఇంగ్లండ్ అంతా లండనే.) నేను నవ్వేశాను గానీ ఆమె ఒక్క చూపులో పట్టుకుంది, నాకు పుస్తకాలు చదివితే గానీ పట్టుబడనిది. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఏరియా లేదు, సెల్లార్‌లో మెట్ల కింద గది ఉంది. అందులో ఎవరుంటారో మేం అడగక్కర్లేదు.

నా హాల్లో ఒక గోడ నిండా పెద్ద రాతి గూడు ఉండేది. ఒకప్పుడు వంట పొయ్యి మండిన చోటు. యజమాని అందులో పుస్తకాల అలమర బిగించాడు. బొగ్గు కొట్లో సైకిళ్ళు. మధ్యాహ్నం రెండున్నరకే లైటు వేసుకోవాలి. చలికాలంలో గోడ చెమ్మగిల్లి పుస్తకాల వెనక బూజు పట్టేది. యజమానికి మెయిల్ పెడితే కిటికీ తెరిచి పెట్టుకోమని జవాబొచ్చింది. సమానత్వం బేస్‌మెంట్‌కి చిరునామా ఇచ్చింది, వెలుతురు ఇవ్వలేదు. ఇవ్వాలన్నా కుదరదు కూడా, ఎందుకంటే లిస్టెడ్ భవనంలో అనుమతి లేకుండా గోడ కదిపితే అక్కడ నేరం కింద లెక్క. బయటే కాదు, లోపలా. ఆ అనుమతి ఇచ్చే అధికారులు సహజంగానే అన్నిటికంటే ఎక్కువగా కాపాడేది మొదటి అంతస్తు గదుల్ని. ఎందుకంటే పనితనమంతా అక్కడే ఉంది. బేస్‌మెంట్‌లో కాపాడటానికి ఏముంది, సున్నం కొట్టిన గోడలు తప్ప? అంటే రెండొందల యాభై ఏళ్ళ కిందట ఎవరి గది మీద ఎక్కువ ఖర్చు పెట్టారో, ఇప్పటికీ ఆ గదికే ఎక్కువ రక్షణ. ఎవరూ కావాలని చేస్తున్నది కాదు. అందమైనదాన్ని కాపాడు అనే నిర్దోషమైన నియమం, పాత అంతస్తుల్ని అలాగే అనువదించుకుంటూ పోతుంది. కోడ్‌లో ఇలాంటివి రోజూ చూస్తుంటాం. ఎప్పుడో ఎవరో ఏ కస్టమర్ ముఖ్యమని నిర్ణయించారో, వాళ్ళు పోయినా టెస్టులన్నీ ఆ కస్టమర్‌కే రాసి ఉంటాయి.

ఇంతవరకూ చదివి నేను ఫ్లాట్ల పక్షం అనుకోవచ్చు. అంత సులువు కాదు. నా పైన మొదటి అంతస్తులో ఉండే పెద్దావిడ ఒకసారి టీకి పిలిచింది. ఆమెది పాత డ్రాయింగ్ రూమ్‌లో ముందు సగం. గదికి అడ్డంగా ఎప్పుడో చెక్క ఫ్రేము మీద పలచటి గోడ లేపారు. కప్పు మధ్యలో, దీపాల గుత్తి వేలాడే చోట ఉండే ప్లాస్టర్ పువ్వు సరిగ్గా సగానికి తెగింది. ఆకులు, లతలు, గోడ దగ్గరకొచ్చి టక్కున ఆగిపోయాయి. మిగతా సగం గోడకి అవతల, ఆమె బాత్‌రూమ్‌లో. "స్నానం చేస్తూ మిగతా పువ్వు చూస్తాను" అని నవ్విందావిడ. నాకు మాత్రం ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఏదో ఊపిరాడనట్టు ఉంది. కప్పు చాలా ఎత్తు, గది చాలా ఇరుకు, నిలబెట్టిన అగ్గిపెట్టెలో ఉన్నట్టు. ఆ గది కొలతలు ఎవరో లెక్క వేసి పెట్టినవి: ఎత్తుకీ వెడల్పుకీ నిష్పత్తి, కిటికీకీ గోడకీ నిష్పత్తి. ఆ లెక్క కులీనుల కోసం వేసినదే కావచ్చు, కానీ లెక్క తప్పు కాదు. కొలత సరిగ్గా ఉన్న గదిలోకి అడుగుపెడితే వంటమనిషి శరీరానికైనా, లార్డు శరీరానికైనా ఒకేలా హాయిగా ఉంటుంది. ఆ హాయిని అందరికీ పంచడానికి దారి దాన్ని సగానికి కోయడం కాదు. కోస్తే ఎవరికీ మిగలదు. కాబట్టి 'హాని' అన్న మాటని నేను కొట్టిపారేయలేను. ఆ పువ్వు ప్లాస్టర్ పోసిన పనివాడిది కూడా. ఆ ఇంట్లో ఎప్పుడూ అతిథిగా అడుగుపెట్టని ఆ మనిషి పనితనం తెగిన చోట నిట్టూర్పు సబబే.

అయితే 'ఎవరిది' అనే ప్రశ్న అక్కడితో ఆగదు. ఈ ఊళ్ళో వుడ్ తండ్రీకొడుకులు కట్టిన ఇంకో గొప్ప వీధి సర్కస్, గుండ్రంగా 33 ఇళ్ళు. అందులో ఒక ఇంటి మీద రాబర్ట్ క్లైవ్ పేరుతో ఫలకం ఉంది. చరిత్ర పాఠంలో ప్లాసీ దగ్గర విన్న క్లైవే. 1765లో మొఘల్ చక్రవర్తి రెండో షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా కంపెనీకి రాయించుకున్నది ఈయనే. మా తాతగారి ఊరు ఆ సర్కారుల్లోదే. ఆ ఫలకం చదువుతుంటే కోపం వచ్చిందని చెప్తే బాగుండేది గానీ, నిజానికి వచ్చింది ఒక లెక్కల ఆసక్తి: ఈ రాళ్ళలో ఎంత భాగం ఎక్కడి శిస్తు? ఇంకో పేట లాన్స్‌డౌన్ క్రెసెంట్‌లో విలియం బెక్‌ఫర్డ్ ఉండేవాడు. జమైకా చెరకు తోటల్లో బానిసల కష్టం మీద వచ్చిన ఆస్తి ఆయనది. 1822లో బాత్ వచ్చి, సందుకి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళు కొని మధ్యలో వంతెన కట్టించి కలిపేశాడు. ఆ వంతెన ఇప్పుడు చూడదగ్గ వింత. ఇళ్ళని కలిపినవాడిది విలాసం, విడదీసినవాడిది హాని! కట్టించినవాళ్ళ ఉద్దేశాన్ని గౌరవించాలి అన్నప్పుడల్లా నాకు ఈ వంతెన గుర్తొస్తుంది.

ఏది కాపాడాలి అనే నిర్ణయంలో ఏది కూల్చాలి అన్నది కూడా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్‌లో బాత్ మీద బాంబులు పడ్డాయి. క్రెసెంట్‌లోనూ ఇళ్ళు కాలాయి, వాటిని మళ్ళీ కట్టుకున్నారు. అసలు నష్టం తర్వాత జరిగింది. 1960లలో, 70ల మొదట్లో పట్టణాభివృద్ధి పేరుతో వందల కొద్దీ చిన్న జార్జియన్ ఇళ్ళని ఊరివాళ్ళే కూల్చేశారు. మేస్త్రీలు, వడ్రంగులు, చాకలివాళ్ళు, బండివాళ్ళు ఉన్న వీధులు. ఆడమ్ ఫెర్గసన్ 1973లో 'ది సాక్ ఆఫ్ బాత్' అనే పుస్తకం రాసి గట్టిగా అరిచేదాకా ఆగలేదు. క్రెసెంటూ సర్కసూ అలాగే నిలిచాయి, వాటికి నీళ్ళు మోసినవాళ్ళ ఇళ్ళు పోయాయి. అదే కాలంలో పెద్ద ఇళ్ళు కొన్ని మిగలడానికి కారణం ఫ్లాట్లుగా మారడమే అన్నది కూడా మర్చిపోకూడదు. అద్దె రాని ఇంటికి కప్పు ఎవరు వేయిస్తారు?

ఇంక క్రెసెంట్ మొదట్లోని 1వ నంబరు ఇల్లు. 1967లో బెర్నార్డ్ కేజర్ అనే ఆయన దాన్ని కొని బాత్ ప్రిజర్వేషన్ ట్రస్ట్‌కి ఇచ్చాడు. 1970లో మ్యూజియం అయింది. కానీ ఆ ఇంటి పనివాళ్ళ భాగం ఎప్పుడో విడిపోయి 1ఎ అనే వేరే ఇల్లుగా ఉండిపోయింది. అందువల్ల నలభై ఏళ్ళపాటు మ్యూజియం చూపించింది ఎక్కువగా దొరల గదులనే. 2013లో రెండింటినీ మళ్ళీ కలిపి, పనివాళ్ళ గదులతో సహా తెరిచారు. పైన భోజనాల బల్ల మీద అమర్చిన పింగాణీ చూసి, కిందికి దిగితే మాంసం చువ్వని తిప్పడానికి కుక్కని పరిగెత్తించే చక్రం కనిపిస్తుంది. నిప్పు పక్కన, గోడకి ఎత్తున.

ఈ ఉదాహరణ నా వాదానికి అడ్డం తిరుగుతుంది. తెలిసే దీన్ని ఇక్కడ పెడుతున్నాను. విభజన పనివాళ్ళకి తాళంచెవి ఇచ్చింది అన్నాను. ఇక్కడ విభజన పనివాళ్ళని కథలోంచి తీసేసింది. చక్రం ఒక ఇంట్లో, దాని మీద కాలిన మాంసం తిన్న బల్ల ఇంకో ఇంట్లో ఉంటే, రెండింటికీ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? నా పుస్తకాల అలమర కూడా అంతే. ఆ గూట్లో ఎవరి ముఖం మాడిందో నా పైన టీ తాగే ఆవిడకి తెలియదు. రెండో మెట్లదారిని ఎప్పుడో మూసి ఒక్కో అంతస్తులో ఒక్కో అల్మారా చేశారు. నా చొక్కాలు తగిలించింది అందులోనే. న్యాయం విభజించి పంచమంటుంది, జ్ఞాపకం కలిపి చూడమంటుంది. రెండూ ఒకేసారి ఒకే ఇంట్లో కుదరవు. వీధికొక మ్యూజియం పెట్టి మిగతావి ఫ్లాట్లు చేసుకోవడం పిసినారి రాజీలా కనిపిస్తుంది గానీ, ఇంతకంటే మంచి ఏర్పాటు నాకైతే తోచలేదు. కాకపోతే ఆ ఒక్క మ్యూజియంలో మొదట చూపించాల్సింది డ్రాయింగ్ రూమ్ కాదు, రెండో మెట్లదారి.

ఇంతా చేసి ఆ ఫ్లాట్లలో ఇప్పుడెవరుంటారు? వంటమనిషి మునిమనవరాలు కాదు. నా జీతంలో సగం అద్దెకి పోయేది, అది ఐటీ జీతం. మా వరసలో కొన్ని ఫ్లాట్లు వారాంతానికి వచ్చే టూరిస్టులకి ఇచ్చేవి. శుక్రవారం చక్రాల సూట్‌కేసులు రాళ్ళ మీద గలగలమంటూ వచ్చేవి, సోమవారం పొద్దున వెళ్ళిపోయేవి. ఆ తర్వాత పదకొండు గంటలకి ఇద్దరు ఆడవాళ్ళు ఊరి బయటి నుంచి బస్సులో వచ్చి దుప్పట్లు మార్చి, మురికి గుడ్డల మూటలు భుజాన వేసుకుని దిగేవారు. పాత ఇంట్లో నిలువుగా ఉన్న దూరం ఇప్పుడు అడ్డంగా, బస్సు రూటు పొడవున పరుచుకుంది. వాళ్ళకి ఆ ఇంట్లో గది లేదు, అటక కూడా లేదు. బజర్ల వరసలో పేరు లేదు. నా కిటికీ ఎదురుగా, ఏరియా కమ్మీలకి బిగించిన చిన్న నల్ల డబ్బా ఉండేది, నాలుగంకెల కోడ్ కొడితే తెరుచుకునేది. వాళ్ళ తాళంచెవి అందులో ఉండేది.